విడి పెట్టెలు తీసేసి ఒక్క యాంప్లిఫైయర్ పెడితే సౌండ్ తగ్గుతుందా?

ప్రశ్న: మాది కావలి. ప్రీయాంప్ (ఇన్‌పుట్, వాల్యూమ్ మార్చే పెట్టె), పవర్ యాంప్ (స్పీకర్లను నడిపే పెట్టె), రేడియో ట్యూనర్, సీడీ ప్లేయర్, రికార్డ్ ప్లేయర్ ఇరవై ఏళ్లుగా విడివిడిగా వాడుతున్నాను. ఈమధ్య బుయ్యిమని హమ్ మొదలైంది. ఇవన్నీ తీసేసి ప్రీయాంప్, పవర్ యాంప్ రెండూ ఒకే పెట్టెలో ఉండే, వైఫై ఉన్న ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫైయర్ ఒకటి కొనుక్కోమంటున్నాడు మా అబ్బాయి. నా పవర్ యాంప్ 100 వాట్లు, కొత్తది 60 వాట్లే. సౌండ్ పడిపోతుందా సార్?

జవాబు: పడిపోదు. 100 వాట్ల నుంచి 60కి దిగితే తగ్గేది రెండు డెసిబెల్స్ పైచిలుకు, అదీ వాల్యూమ్ చివరిదాకా తిప్పినప్పుడు. హాల్లో కూర్చుని మామూలుగా వినేటప్పుడు స్పీకర్లు తీసుకునేది ఒకటి రెండు వాట్లే. వాట్ల కంటే ముందు మీ స్పీకర్ల వెనక ఎన్ని ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు కొలత) అని ఉందో చూడండి. 4 ఓమ్స్ అయితే, కొత్త యాంప్ 4 ఓమ్స్ స్పీకర్లకు పనికొస్తుందని దాని మాన్యువల్‌లో రాసి ఉండాలి.

హమ్ గురించి ఒంగోలు నుంచీ నెల్లూరు నుంచీ కూడా నాకు తరచూ రాస్తుంటారు. ఒక్కో పెట్టెని ఒక్కో గోడ ప్లగ్గులో పెడితే ఎర్త్ దారులు రెండు మూడై, వైర్ల మధ్య లూప్ ఏర్పడి, కరెంటుకున్న 50 హెర్ట్జ్ మోత స్పీకర్లలోకి వచ్చేస్తుంది. ముందు అన్నిటినీ ఒకే స్పైక్ బోర్డుకి మార్చి చూడండి. తుమ్మలపెంట వైపు నుంచి ఉప్పుగాలి తగిలే ఊరు మీది. పెట్టెలను కలిపే ఆడియో వైర్ల చివర ఉండే ఆర్‌సీఏ పిన్నులకు చిలుము పట్టి ఉంటుంది. పవర్ ఆపి, వైర్లు పీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. హమ్ పోతుందని త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేసేవాళ్లున్నారు. ఆ పని చేయొద్దు. లోపల ఒక్క వైరు ఊడి బాడీకి తగిలితే ఆ ఇనప పెట్టె షాక్ కొడుతుంది, ప్రాణం పోవచ్చు. పెట్టెలు తగ్గితే జాయింట్లు తగ్గుతాయి, లూపులు తగ్గుతాయి. ఇంటిగ్రేటెడ్‌కి మారడంలో నాకు కనిపించే అసలు లాభం ఇదే. మారండి.

నా టెన్షన్ అంతా మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేసిన ఆ వైఫై గురించే. మంచి యాంప్లిఫైయర్ పదిహేనేళ్లు పాడుతుంది. అందులోని సాఫ్ట్‌వేర్‌కి మాత్రం తయారీదారు కొన్నేళ్లు అప్‌డేట్లు ఇచ్చి ఆపేస్తాడు. ఆ తర్వాత బయటపడిన ఏ లోపాన్నీ ఎవరూ పూడ్చరు. కానీ పాట బాగానే వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఆ పెట్టె ఉన్న వైఫై మీదే మీరు బ్యాంకు యాప్ తెరిచే ఫోన్ ఉంటుంది, మీ అబ్బాయి ల్యాప్‌టాప్ ఉంటుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్), కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుంది. అది ప్రయత్నించినవి అరవై పైచిలుకు పాస్‌వర్డ్‌లే. అలా పట్టుకున్నవాటితో చేసిన దాడి వల్ల ఆ అక్టోబరులో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు అమెరికాలో గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ కెమెరాల యజమానుల్లో ఎక్కువమందికి తమ ఇంటి నుంచే దాడి జరిగిందన్న సంగతే తెలియదు.

అందుకని యాంప్‌ని గెస్ట్ నెట్‌వర్క్‌లో, అంటే రౌటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే వైఫైలో పెట్టండి. పాటలు మార్చేటప్పుడు ఫోన్‌ని కాసేపు అటు మార్చుకోవాల్సి రావచ్చు, ఆ శ్రమ పడండి. పాస్‌వర్డ్ పెట్టే వీలుంటే మొదటి రోజే మార్చండి. రౌటర్‌లో యూపీఎన్‌పీ (UPnP) అనే సెట్టింగ్ ఆఫ్ చేయండి, లేకపోతే లోపలి పరికరం మిమ్మల్ని అడక్కుండానే బయటికి తలుపు తీసుకోగలదు. యాప్ కాంటాక్ట్స్ అడిగితే ఇవ్వొద్దు. పాటకీ మీ బంధువుల నంబర్లకీ ఏం సంబంధం?

ఇంకో మాట కూడా చెప్పాలి. వాల్యూమ్ నాబ్ తీసేసి అంతా యాప్‌లో పెట్టిన యాంప్లిఫైయర్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. అలాంటిదొకటి మా ఇంట్లో ఉండేది. ఒక అప్‌డేట్ తర్వాత యాప్ నా పాత ఫోన్‌లో తెరుచుకోవడం మానేసింది. యాంప్ బాగుంది, స్పీకర్లు బాగున్నాయి, కానీ ఇన్‌పుట్ మార్చే దారి లేదు. డెబ్బై ఏళ్ల మా నాన్న పొద్దున్నే పాటలు పెట్టుకోవడానికి నేను నిద్ర లేచేదాకా కూర్చునేవారు. మనిషి చేత్తో తిప్పే వస్తువుని ఇలా చేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఇంటర్నెట్ పోయినా ఆన్ అయ్యేది, ముందు వైపు వాల్యూమ్ నాబ్, ఇన్‌పుట్ స్విచ్ ఉన్నది మాత్రమే కొనండి. షాపులో వైఫై ఆపించి, పాట పెట్టించి చూశాకే డబ్బు కట్టండి.

పాత ప్రీయాంప్ మాత్రం అప్పుడే అమ్మొద్దు. రికార్డ్ ప్లేయర్ ఇచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. సీడీ ప్లేయర్ ఇచ్చేది 2 వోల్టుల దాకా ఉంటుంది. కొత్తదానికి ఫోనో ఇన్‌పుట్ (రికార్డ్ ప్లేయర్ కోసమే ఉండే సాకెట్) లేకపోతే రికార్డులు బేస్ లేకుండా పీలగా వినిపిస్తాయి. అప్పుడు ప్లేయర్‌ని పాత ప్రీయాంప్‌కే ఉంచి, దాని వెనక టేప్ అవుట్ లేదా రెక్ అవుట్ అని రాసి ఉన్న సాకెట్ నుంచి కొత్త యాంప్ ఆక్స్ ఇన్‌పుట్‌కి వైరు కలపండి.