వెన్న తీసిన చల్ల పారబోయకండి

రోజూ మిగిలే నాలుగు లీటర్ల చల్ల సాయంత్రానికే పులిసిపోతోంది, పులుసు పెడితే విరుగుతోంది అన్నారు కదండీ. పులిసిన చల్లకు వేడి తగిలితే అందులోని ప్రొటీన్లు గడ్డకడతాయి. లీటరుకు 2 చెంచాల శనగపిండి ముందే ఉండల్లేకుండా కలిపి, సన్నమంట మీద గరిట ఆపకుండా తిప్పుతూ, తొలి పొంగుకే దించేయండి.

నన్నడిగితే పుల్ల చల్లకు అసలు విలువ చల్ల మిరపకాయల్లోనే. హైదరాబాద్ ఏప్రిల్ ఎండ చాలు. కిలో మిరపకాయలకు తొడిమ తీయకుండా గాటు పెట్టి, 2 లీటర్ల చల్లలో 150 గ్రాముల ఉప్పు కలిపి మునిగేలా వేయండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు దాన్ని తినేస్తుంది. రెండు రోజులు నానాక పగలు ఎండలో, రాత్రి మళ్లీ అదే చల్లలో, అదంతా పీల్చుకునేదాకా. ఆపైన కాయ ఊపితే గింజలు గలగలలాడేలా ఎండాలి. కాడ దగ్గర మెత్తగా ఉంటే డబ్బాలో బూజు ఖాయం.