ఇల్లు పడగొట్టిన స్థలానికి కొళాయి బిల్లు ఎందుకు వస్తుంది?

కర్నూలులో పాత ఇల్లు పడగొట్టి స్థలం అలాగే వదిలేశారు. కొళాయి బిల్లు ఆగలేదు, ఇప్పుడు ఖాళీ స్థలం పన్ను కూడా అడుగుతున్నారు. రెండూ కట్టాలా అని మీ ప్రశ్న. ఈరోజు వరకు పడినవి కట్టాల్సిందే. ఇకపై కొళాయి బిల్లును ఆపుకోవచ్చు గానీ స్థలం పన్నును ఆపలేరు.

కొళాయి చార్జీ పడేది స్థలం మీద కాదు, కనెక్షన్ నంబరు మీద. ఎప్పుడూ కొళాయి లేని ఖాళీ ప్లాటుకు నీటి బిల్లు రాదు. మీకు మీటరు లేదు, నెలకు ఇంత అని ఫ్లాట్ రేటు. చుక్క వాడకపోయినా కనెక్షన్ రికార్డులో ఉన్నన్నాళ్లు డిమాండు, అంటే కట్టాల్సిన మొత్తం, పడుతూనే ఉంటుంది. ఇల్లు పడగొట్టిన సంగతి కార్పొరేషన్లో పన్నులు చూసే రెవెన్యూ విభాగానికి చెప్పినా కొళాయి రికార్డు దానంతట అది కదలదు. అది చూసేది ఇంజనీరింగ్ విభాగం.

స్థలం పన్ను వేరు. కార్పొరేషన్లలో అది స్థలం రిజిస్ట్రేషన్ విలువ మీద ఏడాదికి 0.50 శాతం. 5 సెంట్లంటే 242 గజాలు. గజం విలువ 10,000 అనుకుంటే స్థలం 24,20,000, పన్ను ఏడాదికి 12,100, అర్ధ సంవత్సరానికి 6,050. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ, అంటే నెలకు 121. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది. స్థలంలో చెత్త పేరుకుంటే పెనాల్టీ వేసే వీలు కూడా ఉంది కాబట్టి కంపచెట్లు పెరగనివ్వకండి. పాత ఇంటి పన్ను అసెస్‌మెంటు (పన్ను ఖాతా) ఇంకా బతికే ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే ఒకే స్థలానికి ఇంటి పన్ను, స్థలం పన్ను రెండూ పడతాయి. పడగొట్టినట్టు రాతపూర్వకంగా ఇచ్చి, ఫొటోలు జతచేసి పాతదాన్ని తీయించండి.

ఇక అసలు పని, కొళాయి తీయించడం. వార్డు సచివాలయంలో కొళాయి పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి అర్జీ ఇవ్వండి. అందులో కొళాయి నంబరు, పాత డోర్ నంబరు, అసెస్‌మెంటు నంబరు మూడూ రాయండి. ఆధార్, దస్తావేజు, చివరి బిల్లు జిరాక్సులు పెట్టండి. బకాయి తీరకుండా అర్జీ ముందుకు కదలదు. అర్జీలో "శాశ్వతంగా రద్దు" అని స్పష్టంగా రాయాలి. "నీళ్లు ఆపండి" అని రాస్తే వాల్వు కట్టేసి వెళ్తారు, డిమాండు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఎక్కువ మంది దెబ్బతినేది రోడ్డు మీద పని దగ్గరే. గేటు దగ్గర పైపు కోసి ప్లగ్ కొట్టించి పని అయిపోయిందనుకుంటారు. వీధిలోని మెయిన్ పైపు నుంచి అక్కడిదాకా ఉన్న ముక్కలో ఇంకా నీళ్లుంటాయి. పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపయితే మట్టిలోనే తుప్పు పడుతుంది. నల్లరేగడి నేల ఎండకు బీటలు వారి, వానకు ఉబ్బి జాయింట్లను లాగేస్తుంది. ఆ ముక్క సాధారణంగా సైడు కాలువ కిందుగానో, ఒక్కోసారి కాలువలోంచో పోతుంది. నీళ్లు వదిలినప్పుడు చిల్లు లోంచి బయటికి కారుతుంది. సరఫరా ఆగి లైను ఖాళీ అయినప్పుడు అదే చిల్లు కాలువ నీళ్లను లోపలికి పీలుస్తుంది. మర్నాడు వీధి మొత్తానికీ వాసన నీళ్లే.

అందుకని మెయిన్ దగ్గరే తవ్వించాలి. అక్కడ సాడిల్ (మెయిన్ చుట్టూ బిగించే పట్టీ) మీద ఫెర్రల్ ఉంటుంది, మెయిన్ నుంచి మీ పైపులోకి నీళ్లు తీసుకునే చిన్న ఫిట్టింగు అది. దాని లోపలి స్క్రూను పూర్తిగా బిగించి, మీ ఇంటివైపు వచ్చే సర్వీసు పైపు విప్పేసి, ఫెర్రల్ మూతికి ఎండ్ క్యాప్ వేయాలి. గుంత పూడ్చే ముందు నీళ్లు వచ్చే టైములో ఒకసారి చూసుకోండి, చెమ్మ కూడా కనిపించకూడదు. పని కార్పొరేషన్ ఫిట్టర్‌తోనే చేయించండి. ప్రైవేటు ప్లంబర్ ఎంత బాగా చేసినా అతని మాట మీద రికార్డు మారదు, పైగా మెయిన్ మీద చెయ్యి వేయడం నేరం. సీసీ రోడ్డయితే రోడ్ కటింగ్ చార్జీ అడుగుతారు, దానికి రసీదు తీసుకోండి.

తీయించాలా వద్దా అన్నది ఎప్పుడు కడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏడాది, రెండేళ్లలో కట్టే ఉద్దేశముంటే నెలనెలా కడుతూ ఉంచుకోవడమే నయం. మళ్లీ కనెక్షన్ అంటే డిపాజిట్, రోడ్ కటింగ్, పైపు, ఫిట్టింగులు అన్నీ కొత్తగా పడతాయి. ఆ మొత్తాన్ని నెల చార్జీతో భాగించండి. వచ్చిన నెలల కంటే ఎక్కువకాలం ఖాళీగా ఉంటుందనుకుంటే తీయించేయండి. ఉంచుకునే పక్షంలో పైపు మూతికి క్యాప్ వేసి తాళం పెట్టె కట్టండి, లేదంటే పక్క సైటు వాళ్లు గొట్టం తగిలించుకుంటారు. బోరు వేయించుకుందాంలే అనుకుంటే భూగర్భ జలాలను కాపాడే వాల్టా చట్టం కింద దానికీ అనుమతి కావాలి.

అమ్మే ఆలోచన ఉంటే బేరానికి ముందే స్థలం పన్ను, కొళాయి రెండు బకాయిలూ విడివిడిగా చూడండి. స్థలం పన్ను కట్టిన రసీదు ఉన్నంత మాత్రాన కొళాయి బకాయి లేనట్టు కాదు.

రద్దు అయ్యాక అర్జీ రసీదు, ఫిట్టర్ రిపోర్టు జిరాక్సు దాచండి. తర్వాత కొత్త డిమాండు పడే నెలల్లో ఆన్‌లైన్‌లో కొళాయి నంబరు కొట్టి చూడండి. మళ్లీ పడి ఉంటే ఆ రెండు కాగితాలతో సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి.