పది ఆజ్ఞల తర్వాతి అధ్యాయాలు

మీ ప్రశ్న ఇది: "క్రైస్తవులు రోజువారీ వ్యవహారాల్లో తప్పొప్పులను ఎలా నిర్ణయించుకుంటారు? వ్యాపారంలో, ఉద్యోగంలో ఎదురయ్యే చిక్కులకు పది ఆజ్ఞల్లో సమాధానాలు దొరకవు కదా?"

నేను ఒంగోలులో చిన్న ఇళ్లు కట్టించే కాంట్రాక్టు పని చేస్తాను. మా తాతల కాలం నుంచీ మాది బాప్టిస్టు సంఘం. వేదాంతం చదవలేదు. కాబట్టి నా సమాధానం సిమెంటు, ఇసుక, కూలి డబ్బుల చుట్టూనే తిరుగుతుంది.

మీరన్నది సగం నిజం. పది ఆజ్ఞలు బైబిల్లో రెండో పుస్తకమైన నిర్గమకాండము 20వ అధ్యాయంలో ఉన్నాయి. సండే స్కూల్లో మాచేత కంఠస్థం చేయించింది కూడా అక్కడి వరకే. పేజీ తిప్పితే వచ్చే అధ్యాయాలను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా పనికి అక్కరకొచ్చేవి మాత్రం అవే. ఒకడు గోయి తవ్వి కప్పకుండా వదిలేశాడు, అందులో పక్కవాడి ఎద్దు పడి చచ్చింది. నష్టం ఎవరు కట్టాలి? తవ్వినవాడే. పేదవాడి వస్త్రాన్ని తాకట్టు పెట్టుకున్నావు. ఎప్పుడు తిరిగివ్వాలి? పొద్దు గూకేలోపు, ఎందుకంటే రాత్రి కప్పుకోవడానికి అతనికి ఉన్నది అదొక్కటే. సెప్టిక్ ట్యాంకుకు గుంత తవ్వించి, చుట్టూ కనీసం నాలుగు కర్రలైనా పాతకుండా సాయంత్రం ఇంటికి పోయే మేస్త్రీలను నేను చాలామందిని చూశాను. అందులో మందిరానికి క్రమం తప్పకుండా వచ్చేవారూ ఉన్నారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలోని పిట్టగోడ వాక్యం. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే అక్కడి నుంచి ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుంది అంటుంది. మా వైపు శ్లాబు పడేసరికి చాలామంది యజమానుల దగ్గర డబ్బు అయిపోతుంది. "పై అంతస్తు వేసేటప్పుడు చూద్దాంలే" అంటారు. పైన స్తంభాల కడ్డీలు అలాగే నిలబడి ఉంటాయి, అంచుకు అడ్డం ఏమీ ఉండదు, మధ్యాహ్నం పిల్లలు అక్కడే గాలిపటాలు ఎగరేస్తారు. అందుకే పిట్టగోడను నేను మొదటి అంచనాలోనే రాస్తాను. తీసేయమంటే బయట రంగులు తగ్గించుకోమంటాను, ముందు వైపు డిజైను మానుకోమంటాను, అదొక్కటి మాత్రం తీయను. పాత నిబంధనలోని ప్రతి నియమమూ ఈనాటి క్రైస్తవుడి మీద ఉందని నేను అనడం లేదు. దేవుణ్ణి ప్రేమించడం, పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించడం అనే రెండు ఆజ్ఞల మీదే ధర్మశాస్త్రమంతా ఆధారపడి ఉందని యేసు చెప్పాడు. ఆ రెండోదాన్ని ఇటుకతో కడితే పిట్టగోడ అవుతుందని నా లెక్క.

ఇక కూలి. అసలు పరీక్ష ఇక్కడే. శనివారం బట్వాడా చేయాలి, యజమాని నుంచి రావలసిన వాయిదా రాలేదు. ఇది మా పనిలో అరుదేమీ కాదు. "సోమవారం ఇస్తాను" అంటే కూలీలు గొణుక్కుంటూ వెళ్లిపోతారు, గొడవ చేసే బలం వాళ్లకు లేదు. కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము, పొద్దు గూకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము చెబుతాయి. కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక, అంటే యాకోబు రాసిన ఉత్తరం, ఇంకా కటువుగా మాట్లాడుతుంది, బిగబట్టిన కూలి తానే మొరపెడుతుందంటుంది. ఒక ఏడాది మందిరం ప్రహరీ గోడకు ఇస్తానని మొక్కుకున్న డబ్బు ఇంట్లో ఉంది, శనివారం వచ్చింది, వాయిదా రాలేదు. ఆ డబ్బు తీసి కూలి ఇచ్చేశాను. దేవునికని పక్కన పెట్టింది ముట్టుకున్నావా అని సంఘంలో ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు. కానుక అక్కడే విడిచిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమని కొండమీది ప్రసంగంలో ఉంది కదండీ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. గోడ డబ్బు నాలుగు నెలలు ఆలస్యంగా కట్టాను.

ఇదే మాట దశమభాగానికీ, అంటే సంపాదనలో పదో వంతు దేవునికని ఇచ్చే కానుకకూ, వర్తిస్తుందని నేను నమ్ముతాను, ఇక్కడ చాలామంది నాతో విభేదిస్తారు. అమ్మ మందులకు డబ్బు చాలక, అయినా దశమభాగం తప్పకుండా ఇచ్చి, దాన్ని సాక్ష్యంగా చెప్పుకునేవాళ్లున్నారు. మార్కు సువార్త 7వ అధ్యాయం చదవండి. తల్లిదండ్రులకు దక్కవలసిన సాయాన్ని "కొర్బాను", అంటే దేవార్పితం, అని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు నేరుగా తప్పుపట్టాడు. ముందు మనిషి బాకీ, తర్వాత కానుక. నాకు తెలిసిన క్రైస్తవ నీతిలో రోజూ పనికొచ్చే భాగం ఇంతే.

మా ఊరి చరిత్రలోనూ దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. ఒక రకంగా ఆయనా కాంట్రాక్టరే, అందుకే ఈ కథ నాకు మరీ ఇష్టం. కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని, ఆకలిని ఎర చేయకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మా వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నాకు గొప్పగా కనిపించేది ఆయన ఆగిన ఆ కాలం.

శంకుస్థాపన పూజలప్పుడు ఏం చేస్తారని తప్పక అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. చెప్పులు విడిచి పక్కన నిలబడతాను. ప్రసాదం ఇస్తే చేతులు జోడించి, మా ఇంట్లో అలవాటు లేదమ్మా అంటాను. విగ్రహాలకు అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవాని మనస్సాక్షి కోసం తినవద్దని పౌలు కొరింథీయులకు రాశాడు. తినే క్రైస్తవులూ ఉన్నారు, వారితో నాకు పేచీ లేదు. పని చోట నా ప్రార్థన కూడా ఎవరి మీదా రుద్దను.

లంచం దగ్గర మాత్రం ఇంత సులువుగా లేదు. లంచం తీసుకోకూడదని నిర్గమకాండము స్పష్టంగా చెబుతుంది. పన్ను వసూలు చేసేవారితో బాప్తిస్మమిచ్చు యోహాను కూడా, నిర్ణయించినదానికన్నా ఎక్కువ తీసుకోవద్దన్నాడు. ఇవన్నీ తీసుకునేవాడికి చెప్పినవి. న్యాయంగా రావలసిన అనుమతిని బల్ల మీద తొక్కిపెడితే, ఇచ్చేవాడు ఏం చేయాలి? నిబంధన మీరి కట్టడానికి డబ్బిస్తే అది పక్కింటివాడి గాలిని, వెలుతురును దొంగిలించడమే, ఆ పని ఒప్పుకోను. న్యాయమైన అనుమతి కోసమైతే డబ్బివ్వకుండా తిరుగుతాను, రాతపూర్వకంగా అర్జీ పెడతాను. దానివల్ల నెలలు పడుతుందని యజమానికి పని ఒప్పుకునే ముందే చెప్పేస్తాను. అంత ఓపిక లేనివారు వేరే కాంట్రాక్టరును చూసుకుంటారు, చూసుకున్నారు కూడా.