సైకిల్ తొక్కుతా సరే, జబ్బు సంగతి అందరికీ చెప్పాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 24 ఏళ్ళు, మాది విజయవాడ. ఎమ్మెస్ చేసి ఇప్పుడు మసాచుసెట్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పదో తరగతిలో ఉండగా నాకు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది, ఏ.ఎల్.ఎల్. అంటారు. రెండున్నరేళ్ళు ట్రీట్‌మెంట్ నడిచింది, మందులు ఆపేసి ఆరేళ్ళు దాటింది. ఇక్కడ ప్రతి ఆగస్టులో పాన్-మాస్ ఛాలెంజ్ అని క్యాన్సర్ పరిశోధన కోసం చందాలు పోగుచేసే సైకిల్ రైడ్ ఉంటుంది, మా ఆఫీసు నుంచి ఒక టీమ్ వెళ్తోంది. ఒకరోజు లంచ్ దగ్గర నోరు జారి నా సంగతి చెప్పేశాను. అంతే, ఇక నన్ను వదలడం లేదు. నువ్వు తప్పకుండా రావాలి, 'లివింగ్ ప్రూఫ్' అని నమోదు చేయించుకోవాలి (జబ్బు నుంచి బయటపడి తొక్కేవాళ్ళని ఇక్కడ అలా పిలుస్తారు), నీ కథ రాస్తే డబ్బు బాగా వస్తుంది అంటున్నారు. నాకూ తొక్కాలనే ఉంది. కానీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. "సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు ఇది ఫేస్‌బుక్‌లో పడితే ఎలా?" అంటుంది. నాన్నయితే బైక్ రైడ్ అనగానే బుల్లెట్ బండి అనుకుని అరగంట తిట్టారు, తొక్కే సైకిల్ అని తెలిశాక ఇంకో అరగంట తిట్టారు. పైగా వేల డాలర్లు పోగుచేయాలట, నలుగురినీ డబ్బులు అడగాలంటే అడుక్కున్నట్టుంటుంది. ఇంకొకటి, మూడంతస్తులు ఎక్కితే నాకు ఆయాసం వస్తుంది. అది జబ్బు వల్లో, పొద్దస్తమానం కుర్చీలో కూర్చోవడం వల్లో తెలియదు. ఏం చేయను?

జవాబు: ముందు ఆయాసం సంగతి తేలుద్దాం తల్లీ. మిగతావన్నీ మనసుకి సంబంధించినవి, ఇది గుండెకి.

నేను డాక్టర్ని కాను, కానీ నువ్వు డాక్టర్ని ఏం అడగాలో చెప్పగలను. ఏ.ఎల్.ఎల్. పిల్లలకి ఎర్రగా ఉండే ఒక ఇంజెక్షన్ ఇస్తారు, గుర్తుండే ఉంటుంది, అది ఎక్కించాక మూత్రం కూడా ఎర్రగా వచ్చి ఇల్లంతా హడలిపోతుంది. డానోరూబిసిన్, డాక్సోరూబిసిన్ అని దాని రకాలు. ప్రాణం కాపాడే మందే, కానీ కొందరిలో గుండె కండరాన్ని బలహీనపరుస్తుంది, అదీ వెంటనే కాదు, ఏళ్ళు గడిచాక బయటపడవచ్చు. అందుకే చిన్నప్పుడు ఆ మందు తీసుకున్నవాళ్ళకి మొత్తం డోసుని బట్టి రెండేళ్ళకో ఐదేళ్ళకో ఒకసారి ఎకో, అంటే గుండె స్కాన్, తీయించమంటారు. నీకు చివరి ఎకో ఎప్పుడు తీశారు? గుర్తు లేదంటే అదే నీ మొదటి పని, సైకిల్ కొనడం కాదు.

దానికి నీ పాత ఫైలు కావాలి. అది ఎక్కడుందో నాకు తెలుసు, మీ అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. ప్రతి పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమను. ఏ మందు ఎంత ఇచ్చారు, రేడియేషన్ ఏమైనా ఇచ్చారా అన్నది అక్కడి డాక్టరుకి కావాలి. అమెరికాలో ఇలా చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళ కోసం సర్వైవర్ క్లినిక్కులు విడిగా ఉంటాయి, మామూలు డాక్టర్ దగ్గరికి కాకుండా అక్కడికే వెళ్ళు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వల్ల వేళ్ళు తిమ్మిరెక్కడం ఇంకా ఉంటే చెప్పు, గంటల తరబడి హ్యాండిల్ పట్టుకుని బ్రేకులు నొక్కాలి కదా. స్టెరాయిడ్ల వల్ల తుంటి కీలు దెబ్బతినడం కూడా ఆ వయసు పిల్లల్లో చూస్తుంటాం, గజ్జల్లో నొప్పి ఉంటే దాచకు. ఇవన్నీ బాగుంటే ఇక భయమేం లేదు, సైకిల్, నడక, ఈత లాంటివి చేయమనే డాక్టర్లు చెబుతారు. జిమ్‌లో ఊపిరి బిగపట్టి పెద్ద బరువులు ఎత్తేవాటి గురించే కొంచెం జాగ్రత్త అంటారు. నీ ఆయాసం కుర్చీదే అయితే రెండు నెలలు తొక్కేసరికి అదే పోతుంది.

అయితే మొదటి ఏడే స్టర్‌బ్రిడ్జ్ నుంచి బయల్దేరే రెండు రోజుల రైడ్ వద్దు. శనివారం ఒక్కరోజే దాదాపు 110 మైళ్ళు, అంటే విజయవాడలో బయల్దేరి రాజమండ్రి దాటి ఇంకాస్త ముందుకి పోయినంత. మర్నాడు మళ్ళీ లేచి కేప్ కాడ్ చివరన ప్రావిన్స్‌టౌన్ దాకా తొక్కాలి. ఒక్కరోజు దారులు ఉన్నాయి, అందులో తక్కువ దూరంది పట్టు. ఆఫీసు వాళ్ళు ఎగతాళి చేస్తే చేయనీ. వాళ్ళు డానోరూబిసిన్ ఎక్కించుకోలేదు.

ఇక డబ్బులు అడగడం. అడుక్కోవడం అన్నావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. వినాయక చవితికి చందా పుస్తకం పట్టుకుని ముక్కూమొహం తెలియని ఇళ్ళ తలుపులు కొట్టినప్పుడు మనకి ఈ సిగ్గు ఎక్కడికి పోయింది? సరే, ఇంకో సంగతి చెబుతాను. మందులు తీసుకునే చివరి రోజుల్లో వారానికోసారి వేసుకున్న చిన్న పసుపు బిళ్ళలు గుర్తున్నాయా, మెథోట్రెక్సేట్? మా ఇంట్లోనూ ఒక పిల్లవాడు వాటిని మింగాడు, గోడ మీది క్యాలెండర్లో ప్రతి శుక్రవారం గడికీ మా వదిన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది, బిళ్ళ మింగాక ఆ సున్నాని వాడే కొట్టేసేవాడు. ఆ మందు వెనక ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) పిల్లలకి ఇచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి, కొన్నాళ్ళపాటే అయినా, జబ్బు వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకి మందే లేదు. ఆ ఫలితాలు అచ్చయింది 1948 జూన్‌లో, సుబ్బారావు పోయింది అదే ఏడు ఆగస్టులో, 53 ఏళ్ళకే. దానికి తోబుట్టువు లాంటిదే నువ్వు మింగిన మెథోట్రెక్సేట్, అదీ ఆ లాబొరేటరీ నుంచే వచ్చింది. నీ రైడ్ డబ్బు వెళ్ళే డేనా-ఫార్బర్ క్యాన్సర్ ఆసుపత్రి ఆ ఫార్బర్ మొదలుపెట్టిందే.

మరి సుబ్బారావు అమెరికా ఎలా వెళ్ళాడనుకున్నావు? మామగారు అక్కడా ఇక్కడా కూడబెట్టి ఇచ్చిన డబ్బుతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయంతో. బోస్టన్‌లో దిగాక ఖర్చులకి చాలక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా బెడ్‌పాన్లు మోశాడు. ఎవరో చందా ఇవ్వబట్టే ఆయన ఓడెక్కాడు, ఆయన ఓడెక్కబట్టే నీ బిళ్ళ వచ్చింది. ఇప్పుడు అడగడానికి నీకు సిగ్గా?

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకో. దారిని బట్టి ఒక్కొక్కరు ఇంత పోగుచేయాలని కనీస మొత్తం ఉంటుంది, అది నిండకపోతే తక్కువపడింది నీ కార్డు నుంచే పోతుంది. వీసా, అద్దె, ఇంటికి పంపే డబ్బు అన్నీ చూసుకుని చేరు. అంత భరించలేనంటే కనీస మొత్తం లేకుండా చేరే పద్ధతీ ఉంది, లేదా నీళ్ళు, భోజనాల దగ్గర వాలంటీరుగా నిలబడు, వేలమంది అలా నిలబడితేనే రైడ్ నడుస్తుంది.

నీ అసలు ప్రశ్నకి ఇప్పుడొస్తాను, చెప్పాలా వద్దా? నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు, టీమ్‌కి డబ్బు వస్తుందని మాత్రం చెప్పకు. డేనా-ఫార్బర్‌కి చందాలు పోగుచేసే విభాగం పేరు జిమ్మీ ఫండ్. ఆ జిమ్మీ ఎవరో తెలుసా? 1948 మేలో ఆసుపత్రి మంచం మీద నుంచి రేడియోలో మాట్లాడిన పన్నెండేళ్ళ అబ్బాయి, బేస్‌బాల్ పిచ్చి, బోస్టన్ బ్రేవ్స్ ఆటగాళ్ళు అతని గదికి వస్తే ఆ సందడి దేశమంతా విన్నది, ఆట చూడటానికి అతనికి ఒక టీవీ కొనిపెడదాం అని అడిగితే రెండు లక్షల డాలర్లకి పైగా వచ్చిపడింది. కానీ అతని పేరు జిమ్మీ కాదు. పిల్లవాడి వివరాలు బయటపడకూడదని ఫార్బర్ వాళ్ళు పెట్టిన మారుపేరు అది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అబ్బాయి చనిపోయే ఉంటాడని జనం అనుకున్నారు. సరిగ్గా 50 ఏళ్ళ తర్వాత, 1998లో, లారీ డ్రైవరుగా బతికిన ఐనార్ గుస్తాఫ్‌సన్ అనే మనిషి నేనే జిమ్మీని అని ముందుకొచ్చాడు. యాభై ఏళ్ళు పేరు చెప్పకపోయినా ఆ పిల్లవాడి వల్ల రావాల్సిన డబ్బు రాకుండా ఆగలేదు.

కాబట్టి నీ పేజీలో ఇలా రాయి చాలు: "ఈ ఆగస్టులో క్యాన్సర్ పరిశోధన కోసం సైకిల్ తొక్కుతున్నాను. ఈ జబ్బుని చాలా దగ్గరగా చూశాను." అబద్ధం ఒక్క ముక్క లేదు. లంచ్ దగ్గరి స్నేహితులకి ఒకసారి గట్టిగా చెప్పు, అది నేను మీకు చెప్పుకున్న మాట, మీరు వేరేవాళ్ళకి చెప్పే మాట కాదు అని. 'లివింగ్ ప్రూఫ్' అని వచ్చే ఏడు రాయించుకోవచ్చు, ఆ పైఏడు రాయించుకోవచ్చు. రాశాక చెరపడం మాత్రం కుదరదు, బంధువుల వాట్సాప్ గ్రూపు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు.

మీ అమ్మ విషయం. ఆవిడ భయం ఫేస్‌బుక్ గురించి కాదు, దాచి పెళ్ళి చేయాలన్న ఆలోచన ఎక్కడో ఉన్నట్టుంది. దానికి నేను ఒప్పుకోను. ఊరందరికీ చెప్పనక్కర్లేదు, కానీ నిన్ను చేసుకునే అబ్బాయికి నువ్వే, తాంబూలాల ముందే, ఎదురుగా కూర్చుని చెప్పాలి. పిల్లలు పుడతారా అనే ప్రశ్న వస్తుంది. ఏ.ఎల్.ఎల్.కి కీమో మాత్రమే తీసుకున్న ఆడపిల్లల్లో చాలామందికి తర్వాత పిల్లలు పుడుతున్నారు, నీ సంగతి ఏమిటో ఆ ఫైలు చూపించినప్పుడే అడిగేయి. అమ్మకి ఇప్పుడే ఇదంతా చెప్పకు. ఎకో రిపోర్ట్ వచ్చాక ఫోన్ చేసి డాక్టర్ తొక్కమన్నారని మాత్రం చెప్పు. ఆవిడ తొమ్మిదేళ్ళుగా వినాలనుకుంటున్నది డాక్టర్ నోటి మాటే.

ప్రశ్న: ఈ సైకిల్ రైడులు, మారథాన్లు చూస్తుంటే నాకొక అనుమానం. ఇచ్చే డబ్బు నేరుగా ఆసుపత్రికే ఇచ్చేయొచ్చు కదండీ, మధ్యలో ఈ తొక్కుడు దేనికి? (రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కొండ మీదికి బస్సుండగా అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్ళని కూడా అడగండి. నేరుగా ఇచ్చేయొచ్చు, నిజమే, కానీ ఎంతమంది ఇచ్చారు? పైన చెప్పిన పాన్-మాస్ ఛాలెంజ్‌నే తీసుకోండి. అమ్మని క్యాన్సర్‌కి పోగొట్టుకున్న బిల్లీ స్టార్ అనే కుర్రాడు 1980లో 36 మందిని పోగేసి తొక్కితే 10,200 డాలర్లు వచ్చాయి. 2024కి అన్నేళ్ళదీ కలిపి వంద కోట్ల డాలర్లు దాటింది. రైడర్లు తెచ్చిన ప్రతి డాలరూ 2007 నుంచి పూర్తిగా ఆసుపత్రికే వెళ్తోంది, రైడ్ ఖర్చులు స్పాన్సర్ల నుంచీ ఫీజుల నుంచీ వస్తాయి. మీ అనుమానం మాత్రం మంచిదే. ఎవరైనా ఇలా చందా అడిగితే, ఖర్చులు పోను ఆసుపత్రికి ఎంత వెళ్తుందో ముందు అడగండి. చెప్పలేకపోతే ఇవ్వకండి.

ప్రశ్న: మా బాబుకి 8 ఏళ్ళు. అదే ఏ.ఎల్.ఎల్., మెయింటెనెన్స్ (చివరి దశ మందులు) నడుస్తోంది, ఇంకో ఆరు నెలలు ఉంది. స్కూలుకి పంపుతున్నాం. సైకిల్ కావాలని రోజూ గొడవ. కొనమంటారా? (కర్నూలు నుంచి ఒక తండ్రి)

జవాబు: కొనండి. కానీ ప్రతిసారి రక్తపరీక్ష రిపోర్ట్ చూపించినప్పుడు, ఈ వారం తొక్కనివ్వొచ్చా అని డాక్టర్ గారిని అడగండి. ప్లేట్‌లెట్లు తక్కువున్న రోజుల్లో పడితే చిన్న దెబ్బకే రక్తం ఆగదు. ఛాతీలో మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టే పోర్ట్ ఉంటే హ్యాండిల్ తగలకుండా చూడాలి. తలకి దెబ్బ తగిలితే ఇంట్లో చూసుకుందాం అనుకోవద్దు, గీరుకుంటే సబ్బునీళ్ళతో కడగండి, ఆ తర్వాత జ్వరం వస్తే ఎంత రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళండి. నడిచేటప్పుడు వాడి కాలివేళ్ళు నేలకి ఈడ్చుకుంటున్నాయేమో కూడా గమనించండి, మందుల వల్ల పాదం బలహీనపడితే పెడల్ మీంచి కాలు జారుతుంది. హెల్మెట్ మాత్రం సైకిల్‌తోపాటే కొనండి, తర్వాత చూద్దాం అంటే వాడు పెట్టుకోడు. ఇంకా ఎదుగుతాడు కదా అని పెద్ద సైకిల్ తెచ్చేరు, వద్దు. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళూ నేలకి ఆనాలి. మీ వీధిలో ఎత్తుపల్లాలు లేని చోట, మొదటి వారం వెనక సీటు పట్టుకుని మీరు పరిగెత్తండి. అలవాటు లేకపోతే మీకూ ఆయాసం వస్తుంది, చెప్పుల బదులు బూట్లు వేసుకోండి.