బడి పత్రికను ఎలా చదవాలి: మనవరాలికి ఒక ఉత్తరం

విజయవాడ

చిరంజీవి అమ్మడికి చిన్న తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఐదు సంచికలూ అందాయి. తొమ్మిదో తరగతిలో చేరగానే మీ హైస్కూలు పత్రికలో చోటు దొరికిందనీ, వార్తలు రాయనిచ్చే ముందు పాత సంచికల్లోంచి మూడు కథనాలు ఎంచుకుని విశ్లేషించి తెమ్మని మీ టీచరు చెప్పారనీ, విశ్లేషణ అంటే ఏం రాయాలో తోచడం లేదనీ రాశావు. అమెరికాలో పెరుగుతున్నా, మనబడి అనే తెలుగు తరగతుల్లో నేర్చిన తెలుగు నీకు చక్కగా పట్టుబడింది కనుక నేనూ తెలుగులోనే రాస్తున్నాను. నా వాక్యాలు ఎక్కడైనా మరీ పొడుగైతే మీ నాన్న చేత చదివించుకో. వార్తలు దిద్దే పత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు పరాయివాళ్ల వాక్యాలు కత్తిరించినవాడికి సొంతవి కత్తిరించుకోవడం అలవాటు కాలేదు.

నమూనాగా నువ్వు రాసిన పేరా చూశాను. కథనం బాగుందనీ, శీర్షిక ఆకట్టుకుందనీ, ఫొటో ఇంకాస్త పెద్దదైతే బాగుండేదనీ రాశావు. అది మార్కులు వేయడమే తప్ప విశ్లేషణ కాదు. అచ్చయిన కథనం చేతికి వచ్చినప్పుడు, దాన్ని రాసినవారు ఏ దారిన నడిచి అక్కడికి చేరారో ఆ దారిలో నువ్వు వెనక్కి నడవాలి. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఈ ముక్క వీళ్లకు ఎవరు చెప్పారు, కళ్లారా చూశారా, ఎవరి నోటనో విన్నారా, ఏదైనా కాగితంలోంచి తీసుకున్నారా, లేక ఊహించేశారా అని అడగాలి. పెద్ద పత్రికల విషయంలో ఈ పని పాఠకుడికి సగం దాకానే సాధ్యమవుతుంది. బడి పత్రికలో మాత్రం రాసేవారూ, వార్తలోకి ఎక్కేవారూ, చదివేవారూ ఒకే కప్పు కింద ఉంటారు కాబట్టి, అనుమానం వస్తే భోజనాల వేళ వెళ్లి అడిగి రావచ్చు. ఆ సౌకర్యం నా ఉద్యోగంలో నాకు ఏనాడూ దొరకలేదు.

నువ్వు ఎంచుకున్న మొదటి కథనం, క్లాసులో అడుగు పెట్టగానే ఫోన్లను గోడకు వేలాడదీసిన సంచిలో పెట్టాలన్న కొత్త నిబంధన గురించినది. దాన్ని ముందు పెట్టుకుని, పెన్సిలుతో మాట్లాడినవాళ్ల పేర్ల కింద గీతలు గీశాను. నలుగురు తేలారు: ముగ్గురు విద్యార్థులు, ఒక వైస్ ప్రిన్సిపాల్. విద్యార్థులు ముగ్గురూ పన్నెండో తరగతివాళ్లే, ముగ్గురూ నిబంధనను తిట్టినవాళ్లే. రెండో పేజీ అడుగున ఉన్న సంపాదకవర్గం జాబితా చూస్తే, వారిలో ఒకరు అదే పత్రికకు ఫొటోలు తీసే అమ్మాయి. అంటే విలేఖరి తన బల్ల దగ్గర కూర్చున్న స్నేహితులను అడిగి పని ముగించాడు. తొమ్మిదో తరగతివారు ఒక్కరూ లేరు. రోజుకు ఐదు పీరియడ్లు ఆ సంచి దగ్గర నిలబడి ఫోన్లు లెక్కచూసుకునే టీచర్లలో ఒక్కరూ లేరు. వైస్ ప్రిన్సిపాల్ మాటలుగా ఇచ్చిన రెండు వాక్యాలూ తల్లిదండ్రులకు పంపిన ఈమెయిలులోవే, కనుక ఆయనను ఎవరూ నేరుగా కలవలేదని తెలిసిపోతోంది.

ఇక కారణం సంగతి. పాఠశాల యాజమాన్యం హఠాత్తుగా ఈ నిర్ణయం తీసుకుందని మూడో పేరాలో ఉంది. కానీ, మీ కాలిఫోర్నియా గవర్నరు 2024 సెప్టెంబరులో సంతకం చేసిన చట్టం ప్రకారం, రాష్ట్రంలోని ప్రతి స్కూలు డిస్ట్రిక్టూ, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే ప్రతి సంస్థా, 2026 జులై 1 నాటికి విద్యార్థుల స్మార్ట్‌ఫోన్ వాడకాన్ని పరిమితం చేసే లేదా నిషేధించే విధానాన్ని రూపొందించుకోవాలి. కథనంలో ఆ చట్టం ఊసే లేదు. చట్టం ఏదో ఒక విధానం ఉండాలంటుందే గానీ గోడకు సంచే తగిలించమనదు. ఇందులో చట్టం చెప్పింది ఎంత, మీ బడి సొంతంగా చేర్చింది ఎంత అని విడదీయడంలోనే ఆ వార్తకు ప్రాణం ఉంది. అది జరగలేదు కాబట్టి వార్త కాస్తా ఫిర్యాదుగా మిగిలింది. నీ విశ్లేషణలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వు.

అదే కథనంలో, విద్యార్థుల్లో 78 శాతం మంది నిబంధనను వ్యతిరేకిస్తున్నారని పెద్ద అక్షరాల్లో పెట్టెకట్టి వేశారు. పత్రిక ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో పెట్టిన పోల్ అది. ఎంతమంది ఓటు వేశారో చెప్పలేదు. యాభై మంది వేస్తే వ్యతిరేకులు 39 మంది, ఐదువందల మంది వేస్తే 390 మంది; పెట్టెలో మాత్రం రెండూ ఒకేలా కనబడతాయి. పైగా ఆ ఖాతాను అనుసరించేవాళ్లలో, ఆ రోజు అది చూసినవాళ్లలో, నొక్కాలనిపించినవాళ్లే నొక్కి ఉంటారు. ఫోన్ల మీద ఆంక్ష బాగుందా లేదా అన్న ప్రశ్నను ఫోన్లోనే అడగడం చూసి, నిజం చెప్పాలంటే, నాకు నవ్వు కూడా వచ్చింది.

నవ్వే అర్హత నాకు లేదనుకో. డెస్కులో చేరిన కొత్తలో, పదో తరగతి ఫలితాలు వచ్చిన రాత్రి, ఒక ప్రైవేటు పాఠశాల పంపిన ప్రకటన పట్టుకుని "నూరు శాతం ఉత్తీర్ణత" అని శీర్షిక పెట్టాను. మర్నాడు సాయంత్రం ఒక తండ్రి ఆఫీసుకు వచ్చి, మాట్లాడకుండా తన కొడుకు హాల్‌టికెట్ నా బల్ల మీద పెట్టాడు. నలుపు తెలుపు ఫొటో, చెవి మీదుగా పడిన స్టాంపు, కింద మరో పాఠశాల పేరు. తొమ్మిది దాకా ఆ నూరు శాతం బడిలోనే చదివిన పిల్లవాణ్ణి, లెక్కల్లో వెనకబడ్డాడని, పదో తరగతి పరీక్షకు వేరే బడి పేరు మీద కట్టించారట. పరీక్ష రాసినవారంతా పాసయ్యారు కాబట్టి నా శీర్షికలో అబద్ధం లేదు. ఎంతమందిలో నూరు శాతం అన్నది మాత్రం నేను అడగలేదు. అప్పటినుంచి శాతం గుర్తు కనబడితే దాని పక్కన అసలు సంఖ్య కోసం వెతుకుతాను, లేకపోతే పెన్సిలుతో సున్నా చుడతాను. నువ్వూ చుట్టు.

క్రియాపదాల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మీ ఇంగ్లిషు పత్రికల్లో ఎవరు మాట్లాడినా "సెడ్" అనే ఒక్క మాటతో సరిపెట్టే అలవాటు మంచిది. మా డెస్కులో అయితే ఒకే పేరాలో ఒకే నాయకుడు పేర్కొని, స్పష్టం చేసి, ఉద్ఘాటించేవాడు. మీ పత్రికలో ఆ "సెడ్" అలవాటు ఎక్కడ తప్పిందో అక్కడ ఆగి చూడు. నీ రెండో కథనంలో టీచర్లు వివరించారు, విద్యార్థులు మాత్రం ఆరోపించారు. ఎవరిని నమ్మాలో విలేఖరి నీకు చెవిలో చెప్పేశాడన్నమాట.

ఇలా చదవడం వల్ల ఏం జరుగుతుందో తెలియాలంటే కాన్సస్ రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊరి కథ చెప్పాలి. 2017 మార్చిలో అక్కడి హైస్కూలుకు కొత్త ప్రిన్సిపాల్‌ను నియమించారు. ఆ బడి పత్రిక పేరు బూస్టర్ రీడక్స్. కొత్తగా వచ్చేవారిని పరిచయం చేస్తూ మామూలు వ్యాసం రాద్దామని పిల్లలు కూర్చున్నారు. అర్హతల్లో చెప్పిన ఒక విశ్వవిద్యాలయం పేరు దగ్గర ఆగి, అది ఎక్కడుందో చూద్దామని వెతికితే వెబ్‌సైటే పనిచేయలేదు. ఆ సంస్థకు గుర్తింపు ఉన్నట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు. ప్రిన్సిపాల్‌గా రాబోయే ఆమెతోనే ఫోన్లో మాట్లాడి, ఆమె సమాధానాలు తీసుకుని, మార్చి 31న కథనం అచ్చువేశారు. ఏప్రిల్ 4న ఆమె రాజీనామా చేశారు. నాకు ఇందులో రాజీనామా కంటే మరో సంగతి నచ్చింది: పత్రికకు సలహాదారుగా ఉన్న టీచరు ఆ నియామకానికి ఇంటర్వ్యూ చేసిన సంఘంలో కూడా ఉన్నారు కాబట్టి, ఈ ఒక్క కథనం వరకు తాను పక్కకు తప్పుకున్నారు. ఆ పిల్లలు చేసిందల్లా, పెద్దలందరూ చదివి సంతకం పెట్టిన కాగితాన్ని, ఈ ముక్క ఎవరు చెప్పారు అని అడుగుతూ మళ్లీ చదవడమే.

అచ్చయిన దాన్ని చదవడం ఒక ఎత్తయితే, అచ్చు కాకుండా ఆగిపోయినదాన్ని గమనించడం ఇంకో ఎత్తు. 1983 మేలో మిస్సోరి రాష్ట్రంలోని హేజెల్‌వుడ్ ఈస్ట్ హైస్కూలు పత్రిక స్పెక్ట్రమ్ ఆరు పేజీలతో రావలసింది. ప్రిన్సిపాల్ ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు సరిచూసే పేజీలు, చూసి రెండు పేజీలు తీసేయించడంతో నాలుగు పేజీలతోనే వచ్చింది. ఆయనకు అభ్యంతరమైనవి రెండు కథనాలు. ఒకటి ముగ్గురు విద్యార్థినుల గర్భధారణ అనుభవాల గురించి. పేర్లు మార్చినా వాళ్లెవరో బడిలో గుర్తుపడతారని ఆయన భయం. రెండోది తల్లిదండ్రుల విడాకుల గురించి. అందులో ఒక అమ్మాయి తండ్రిని తప్పుపట్టింది, తండ్రికి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వలేదు. ఆ రెండిటితో పాటు అవే పేజీల్లో ఉన్న మిగతా వ్యాసాలూ పోయాయి. పిల్లలు కోర్టుకెక్కారు. 1988 జనవరి 13న సుప్రీంకోర్టు 5-3 తేడాతో బడివైపే తీర్పు చెప్పింది. న్యాయమూర్తి బ్రెనన్ గట్టిగా విభేదించారు. మీ రాష్ట్రంలో బడి పత్రికలకు అంతకంటే ఎక్కువ రక్షణ ఇచ్చే చట్టం 1977 నుంచే ఉంది కాబట్టి నీకు అంత భయం అక్కర్లేదు.

తీర్పు సంగతి న్యాయవాదులకు వదిలేసి, ఆ ప్రూఫులను డెస్కు మనిషిగా చదువు. తండ్రిని అడిగారా అన్నది ఏ సబ్‌ఎడిటరైనా అడగవలసిన ప్రశ్నే, అందులో ప్రిన్సిపాల్‌ను తప్పుపట్టలేను. కానీ దానికి మందు తండ్రికి ఫోన్ చేయించడం, కుదరకపోతే ఆ పేరా తీసేయడం. రెండు పేజీలు చించడం కాదు. ఒకే మనిషి చెప్పిన కారణంలో సబబైన భాగాన్నీ, చేసిన పనిలో అతిని కూడా విడివిడిగా చూడగలిగితే నీకు చదవడం వచ్చినట్టే.

మీ ఐదు సంచికల్లోనూ ఏమేమి లేవో ఒక కాగితం మీద రాసుకున్నాను. ఫుట్‌బాల్ మీద తొమ్మిది వార్తలున్నాయి, అమ్మాయిల బ్యాడ్మింటన్ మీద ఒకటే. స్కూలు బోర్డు సమావేశాలకు ఎవరైనా వెళ్లారనడానికి ఒక్క వాక్యం లేదు. బస్సు డ్రైవర్లూ, క్యాంటీనులో వడ్డించేవాళ్లూ, రాత్రి గదులు ఊడ్చేవాళ్లూ ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. సవరణ అన్న మాట ఎక్కడా కనబడలేదు. ఐదు సంచికల్లో ఒక్క తప్పూ దొర్లలేదంటే నేను నమ్మను, ఎవరూ చెప్పలేదనో, చెప్పినా వేయలేదనో అనుకుంటాను. ఏ కథనాలైనా రాసి ఆపేశారేమో పై తరగతి సంపాదకులను అడుగు. ఏటా పన్నెండో తరగతివాళ్లు వెళ్లిపోతూ ఆ జ్ఞాపకాలను కూడా పట్టుకుపోతారు, కాబట్టి మే నెల వచ్చేలోపే అడుగు.

ఒక జాగ్రత్త. ఈ కథనాలు రాసినవాళ్లు నీకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లు, రేపు అదే గదిలో నీ పక్కనే కూర్చుంటారు. నీ విశ్లేషణ టీచరుకు ఇచ్చే ముందు ఆ ఫోన్ల కథనం రాసిన అబ్బాయి దగ్గరకు వెళ్లి, పోల్‌లో ఎంతమంది ఓటు వేశారో, టీచర్లను అడిగితే నిరాకరించారా, అసలు అడగలేదా కనుక్కో. అతను అడిగి ఉండి, చోటు చాలక ఎడిటరు కోసేసి ఉంటే, ఇప్పటిదాకా నేను అతని మీద మోపిన తప్పంతా నాదవుతుంది. అతను చెప్పిన జవాబును నీ విశ్లేషణలో అతని మాటల్లోనే పెట్టు.

మూడో కథనం సంగతి రాయలేకపోయాను. మార్చి సంచికలో ఆరో పేజీ నా కంప్యూటరులో తెరుచుకోవడం లేదు, అది అక్కడికే కొనసాగుతుందని ఐదో పేజీ అడుగున ఉంది. ఆ పేజీ ఒక్కటీ ఫొటో తీసి నాన్న వాట్సాప్ నుంచి పంపించు.

ఆశీస్సులతో,
చిన్న తాతయ్య