టెక్ సందేహాలు: ఇంట్లోకి కొత్త పిల్లి... ముందు ఏ గ్యాడ్జెట్ కొనాలి?

ప్రశ్న: మాకు ఆరేళ్ల ల్యాబ్రడార్, నాలుగేళ్ల ఆడపిల్లి ఉన్నాయి. రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఇంకో పిల్లిని తెచ్చుకోవాలనుకుంటున్నాం. పగలు ఇంట్లో ఎవరూ ఉండం. కెమెరా, ఆటోమేటిక్ ఫీడర్, తనంతట తానే శుభ్రం చేసుకునే లిట్టర్ బాక్స్... వీటిలో ముందు ఏది కొనాలి? (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: ఆ మూడింటికన్నా ముందు ఒక జాలీ తలుపు చేయించండి. కొత్త పిల్లికి ఒక గది కేటాయించి, దాని గుమ్మానికి ఉన్న తలుపు అలాగే ఉంచి, అదనంగా అల్యూమినియం ఫ్రేములో స్టీలు జాలీ బిగించాలి. కిటికీలకు వేసే నైలాన్ దోమల జాలీ పనికిరాదు. పిల్లి గోళ్లకు చిరుగుతుంది, ల్యాబ్రడార్ ముందరి కాళ్లు ఆనించిందంటే ఊడి వస్తుంది. పరిచయమంతా జరిగేది ఈ గుమ్మం దగ్గరే. మొదట వాసన, తర్వాత చూపు, ఆఖరున దగ్గరకు రావడం. ఈ వరసను ఏ యంత్రమూ మార్చలేదు.

రెండో ఖర్చు లిట్టర్ ట్రేలు. రెండు పిల్లులకు మూడు ట్రేలు ఉండాలి, వేర్వేరు చోట్ల. పక్కపక్కనే పెడితే పాత పిల్లి ఒకేచోట కాపు కాసి మూడింటినీ అడ్డుకోగలదు. వాటిని కుక్క మూతి పెట్టలేని చోట ఉంచండి.

కెమెరా ఆ తర్వాత. పెట్ కెమెరా అని అమ్మేదే కొనక్కర్లేదు. 1080పి రిజల్యూషన్, నైట్ విజన్, మెమరీ కార్డు స్లాటు ఉన్న మామూలు ఇండోర్ వైఫై కెమెరా చాలు. వీటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైతోనే కలుస్తాయి. రౌటర్‌లో 2.4, 5 రెండూ ఒకే పేరుతో ఉంటే సెటప్ మధ్యలో ఆగిపోవచ్చు. అలాంటప్పుడు కాసేపు 5ను ఆపేసి, కెమెరా కలిశాక మళ్లీ ఆన్ చేయండి. కెమెరాను గోడ పైభాగాన బిగిస్తే పిల్లి వీపు తప్ప ఏమీ కనబడదు. మనం చూడాల్సింది చెవులు, తోక, మూతి. అందుకే నేలకు రెండడుగుల ఎత్తులో, గుమ్మానికి పక్కగా పెట్టండి.

సెట్టింగుల్లో ‘మనుషులను మాత్రమే గుర్తించు’ అన్నది ఆన్‌లో ఉంటే పిల్లి రోజంతా తిరిగినా నోటిఫికేషన్ రాదు. దాన్ని తీసేయండి. సీలింగ్ ఫ్యాను, కర్టెన్ ఉన్న భాగాన్ని డిటెక్షన్ జోన్ నుంచి తప్పించండి, లేకపోతే గంటకు నలభై అలర్టులు వచ్చి నాలుగో రోజుకే మీరు చూడటం మానేస్తారు. మొదటి రెండు వారాలు కదలిక ఉన్నప్పుడే కాకుండా నిరంతరం రికార్డు చేయనివ్వండి. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున రికార్డయితే రోజుకు 10.8 జీబీ అవుతుంది, అంటే 64 జీబీ కార్డులో దాదాపు ఆరు రోజులు పడతాయి. నిర్విరామంగా రాసే పనికి ‘హై ఎండ్యూరెన్స్’ అని రాసి ఉన్న కార్డు తీసుకోండి. మామూలు కార్డులు త్వరగా పాడవుతాయి.

ఆఫీసు నుంచి స్పీకరులో పిలవడం మాత్రం వద్దు. మనిషి కనబడకుండా గొంతు వినబడితే కుక్క గుమ్మం దగ్గర మొరగడం మొదలుపెడుతుంది, లోపలి పిల్లి మంచం కిందకు దూరుతుంది. వారం రోజుల శ్రమ ఒక్క ‘హలో’తో పోవచ్చు.

ఇక వరస. తెచ్చిన రోజే పశువైద్యుడికి చూపించి, ఫెలైన్ లుకీమియా, ఎఫ్‌ఐవీ (రెండూ ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి సోకే వైరస్‌లు) పరీక్షలు చేయించండి. రెండు వారాలు నీళ్లూ గిన్నెలూ ట్రే అన్నీ వేరుగా ఉంచండి. మొదటి మూడు నాలుగు రోజులు చెక్క తలుపు మూసే ఉండాలి. ఒక మెత్తటి గుడ్డతో కొత్త పిల్లి బుగ్గలు తుడిచి పాత పిల్లి గిన్నె దగ్గర వేయండి, దానిది దీనికి. ఆపైన తలుపుకు చెరోవైపు ఆరడుగుల దూరంలో గిన్నెలు పెట్టి, రోజుకు అరడుగు చొప్పున దగ్గరకు జరపండి. బుసకొట్టినా, తినడం ఆపినా నిన్నటి దూరానికి వెనక్కి వెళ్లండి. గిన్నెలు రెండూ తలుపును ఆనుకున్నా ప్రశాంతంగా తింటున్నాయంటే అప్పుడు చెక్క తలుపు తీసి జాలీ ఒక్కటే ఉంచాలి. కుక్కనైతే బాగా నడిపించి తెచ్చాక, పట్టీతో, జాలీ దగ్గర అయిదేసి నిమిషాలు రోజుకు మూడుసార్లు ఉంచండి.

కెమెరాలో మొరుగుడు కన్నా మౌనాన్ని గమనించండి. కుక్క నోరు మూసుకుని, తోక బిగించి, కదలకుండా పిల్లినే చూస్తుంటే అది వేట చూపు. అది పోనంతవరకు జాలీ తెరవొద్దు. జాలీ తెరిచాక కూడా కొన్ని వారాలపాటు మీరు లేనప్పుడు కుక్కనూ కొత్త పిల్లినీ వేరుగానే ఉంచండి. ఇంకోటి: మగపిల్లి పదేపదే ట్రేలోకి వెళ్లి ముక్కుతూ మూత్రం రాకుండా బయటకొస్తుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అది ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన ప్రమాదం. కెమెరా డబ్బులు ఈ ఒక్క విషయం పట్టిచ్చినా వసూలైనట్టే.

ఆటోమేటిక్ లిట్టర్ బాక్స్ ఇప్పుడు కొనొద్దు. అది బరువు సెన్సర్‌తో పిల్లి లోపల ఉందో లేదో తెలుసుకుంటుంది. చిన్న కూన బరువు చాలకపోతే లోపల ఉండగానే డ్రమ్ము తిరగొచ్చు. మాన్యువల్‌లో ఉందా ఆటోమేటిక్‌లో ఉందా, మీ మోడల్‌కు కనీస బరువు ఎంత అన్నవి చూడకుండా ఆన్ చేయకూడదు. పైగా కొత్తచోట బెదురుతో ఉన్న పిల్లి మోటారు చప్పుడుకు భయపడితే మూలల్లో మూత్రం పోయడం మొదలుపెడుతుంది. రోబో వాక్యూమ్ ఉంటే దాని టైమరునూ తీసేయండి.

ప్రశ్న: ఆన్‌లైన్ గ్రూపులో పిల్లుల ఫొటోలు చూస్తున్నాం. మా ఇంట్లో కుక్క ఉంది. ఫొటో చూసి ఎంచుకోవచ్చా? (విజయవాడ)

జవాబు: కుదరదు. ఎడిట్ చేయని పది నిమిషాల వీడియో కాల్ అడగండి. పిల్లి నడుస్తూ, తింటూ కనబడాలి. కళ్లలో పుసి, ముక్కులోంచి చీమిడి, కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర సగం దాకా ముందుకు రావడం ఉంటే ఆరోగ్యం బాగోలేదని అర్థం. ఆ ఇంట్లో కుక్క ఉంటే రెండింటినీ ఒకే ఫ్రేములో చూపించమనండి. మీకు కావాల్సింది కుక్కను చూసి పరుగెత్తని పిల్లి. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. రెండు నుంచి ఏడు వారాల వయసులో కుక్కల మధ్య పెరిగిన కూనలు సులువుగా కలుస్తాయి, కానీ ఎనిమిది వారాలు నిండకుండా తల్లి దగ్గర్నుంచి వేరు చేసిన కూనను తీసుకోకండి. ఇంట్లో ముసలి పిల్లి ఉంటే మాత్రం కూన కన్నా నెమ్మదైన పెద్ద పిల్లే మేలు.

పిల్లిని చూడకముందే రవాణా ఖర్చని యూపీఐలో అడ్వాన్సు అడిగితే పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: పాత పిల్లికి డాక్టరు కిడ్నీ డైట్ రాశారు. కొత్తది అది కూడా తినేస్తోంది, కుక్క మిగిలింది నాకేస్తోంది. టైమర్ ఫీడర్‌తో ఆగుతుందా? (విశాఖపట్నం)

జవాబు: టైమర్ ఫీడర్ వేళను పాటిస్తుంది గానీ ఎవరు తింటున్నారో చూడదు. మీకు కావాల్సింది చిప్ చదివి మూత తెరిచే ఫీడర్. సూర్‌ఫీడ్ లాంటివి పిల్లి భుజాల మధ్య చర్మం కింద వేసిన మైక్రోచిప్‌నో, మెడపట్టీకి తగిలించిన ట్యాగ్‌నో గుర్తించి దానికే తెరుచుకుంటాయి. నాలుగు సీ సైజు బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా ఆగదు. ఆ సైజు సెల్లులు వీధి చివరి దుకాణంలో దొరకడం కష్టం, ముందే ఒక సెట్టు తెప్పించి ఉంచండి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పాత పిల్లి తింటుండగా కొత్తది వెనకవైపు నుంచి మూతి దూరుస్తుంది. అందుకు వెనక కవరు విడిగా అమ్ముతారు. లేదా ఫీడర్‌ను గోడమూలకు ఆనించి పెట్టండి. మూత కదలికకు బెదిరిపోకుండా ట్రైనింగ్ మోడ్ ఉంది. మొదట మూత పూర్తిగా తెరిచే ఉంటుంది, తర్వాత కొద్దికొద్దిగా కదలడం పెరుగుతుంది. తొందరపడి దశలు దాటిస్తే పిల్లి ఆ ఫీడర్ దగ్గరకే రాదు. ఒక రోజంతా ఏమీ తినకపోతే ఫీడర్ పక్కన పెట్టి మామూలు గిన్నెలో వడ్డించి డాక్టరుతో మాట్లాడండి. తిండి మానేసిన పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకునే జబ్బు రావచ్చు, లావు పిల్లులకు మరీ ముప్పు.

ప్రశ్న: పిల్లికి చిప్ వేయించాం. ఫోన్‌లో స్కాన్ చేస్తే ఏమీ రావడం లేదు. తప్పిపోతే ఎక్కడుందో చూపిస్తుందా? (వరంగల్)

జవాబు: రెండూ జరగవు. పిల్లుల చిప్‌లు 134.2 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఫోన్‌లోని ఎన్‌ఎఫ్‌సీ (దగ్గర పెట్టి చదివే స్కానర్)ది 13.56 మెగాహెర్ట్జ్. చిప్‌లో బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు, 15 అంకెల నంబరు మాత్రమే ఉంటుంది. ఆ నంబరు ఏ డేటాబేస్‌లో మీ ఫోన్ నంబరుతో నమోదైందో క్లినిక్‌లో అడిగి రాసి పెట్టుకోండి. నమోదు చేయని చిప్ ఉన్నా లేనట్టే.

వస్తువులను వెతకడానికి ఆపిల్ అమ్మే ఎయిర్‌ట్యాగ్ బిళ్ల కూడా జీపీఎస్ కాదు. దగ్గరలో ఎవరిదైనా ఆపిల్ పరికరం ఉంటేనే చోటు తెలుస్తుంది. పైగా కుక్క ఉన్న ఇంట్లో అది ప్రమాదం. కుక్క నమిలి లోపలి సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మింగితే అన్నవాహిక కాలిపోవచ్చు. ఏది తగిలించినా, లాగితే ఊడిపోయే బకిల్ ఉన్న మెడపట్టీకే తగిలించండి.

ప్రశ్న: బల్లులు, ఎలుకలు రాకుండా ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ పరికరం వాడుతున్నాం. కొత్త పిల్లి ఆ గదిలోకే రావడం లేదు. దీనివల్లేనా? (గుంటూరు)

జవాబు: ముందు అనుమానించాల్సింది దాన్నే. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినబడదు. కుక్కకు దాదాపు 45 వరకు, పిల్లికి 60 దాటి కూడా వినబడుతుంది. ఈ పరికరాలు కూతపెట్టేది సరిగ్గా ఆ మధ్యలోనే. మనకు నిశ్శబ్దంగా ఉన్న గది వాటికి రాత్రింబవళ్లు ఈల మోగే గది. ప్లగ్గు తీసేసి మూడు రోజులు చూడండి.

అదే ప్లగ్గులో సుగంధ నూనెల డిఫ్యూజర్ కూడా పెట్టొద్దు. టీట్రీ, యూకలిప్టస్, పుదీనా నూనెలను పిల్లి కాలేయం సరిగా విడగొట్టలేదు. ఫెలివే లాంటి ఫెరమోన్ (పిల్లులు ఒకదానికొకటి పంపుకునే వాసన సంకేతాల నకలు) డిఫ్యూజర్ వేరు, అది పెట్టుకోవచ్చు. సోఫా వెనకో కర్టెన్ కిందో కాకుండా తెరిపి చోట, నెలకోసారి రీఫిల్ మారుస్తూ వాడండి. కొన్ని పిల్లుల్లో ఉద్రిక్తత తగ్గిస్తుంది గానీ జాలీ తలుపు దగ్గరి క్రమాన్ని దాటవేయడానికి అది సాయపడదు. కుక్కకు పేలు, గోమార్ల మందు వేస్తుంటే సీసా మీద పెర్మెత్రిన్ అనే పురుగుమందు పేరు ఉందేమో చూడండి. ఉంటే ఆ మందు పిల్లులున్న ఇంట్లో వాడకండి, కుక్క వీపు మీద తడి నాకినా పిల్లికి వణుకు, మూర్ఛ రావచ్చు.