అడ్వాన్స్‌డ్ కెమిస్ట్రీలో చేరుతున్న మేనకోడలికి

అమ్మడూ,

అడ్వాన్స్‌డ్ కెమిస్ట్రీ తీసుకున్నావని విని చాలా సంతోషించాను. ఏళ్ల తరబడి ఆ సబ్జెక్టు చెప్పినవాణ్ణి కాబట్టి, క్లాసులు మొదలవకముందే నీకు నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట్లో మార్కులు తగ్గితే కంగారుపడకు. ఇంతవరకు బాగా చదివిన పిల్లలే ఈ క్లాసులో ముందు బెంబేలెత్తిపోతారు. కింది క్లాసుల్లో ఏం జరుగుతుందో రాస్తే సరిపోయేది, ఇక్కడ ఎందుకు జరుగుతుందో రాయాలి. సోడియం కన్నా క్లోరిన్ పరమాణువు ఎందుకు చిన్నది? 'పీరియడ్‌లో కుడివైపుకి వెళ్లేకొద్దీ సైజు తగ్గుతుంది' అంటే మార్కు పడదు. సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లు, క్లోరిన్‌లో 17. రెండిట్లోనూ బయటి ఎలక్ట్రాన్లు మూడో కక్ష్యలోనే ఉన్నాయి, లోపలి ఎలక్ట్రాన్లు కూడా అవే పది. కాబట్టి క్లోరిన్ కేంద్రకం బయటివాటిని ఇంకా గట్టిగా లాక్కుంటుంది. ఇదీ జవాబంటే.

అయాన్ల (విద్యుదావేశం ఉన్న పరమాణువులు, పరమాణు గుంపులు) పేర్లు, వాటి ఆవేశాలు మాత్రం మొహమాటం లేకుండా బట్టీ పట్టెయ్యి. మోల్ (పదార్థంలో కణాల సంఖ్యని కొలిచే యూనిట్) లెక్కలు చేతికి అలవాటైపోవాలి, తర్వాతి పాఠాలన్నీ వాటి మీదే నడుస్తాయి.

ఎక్కువమందిని ఏడిపించేది ఈక్విలిబ్రియం, అంటే సమతాస్థితి. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పిహెచ్ (ఈ అంకె ఎంత తక్కువైతే ద్రావణం అంత ఆమ్లం) 1. అంతే గాఢత ఉన్న ఎసిటిక్ ఆమ్లానిది సుమారు 2.9. ఎందుకంటే ఎసిటిక్ ఆమ్లంలో నూటికి ఒకటికి కాస్త ఎక్కువ అణువులే అయాన్లుగా విడిపోతాయి. అక్కడితో చర్య ఆగిపోయిందనుకుంటారు పిల్లలు. ఆగదమ్మా! విడిపోయే వేగం, మళ్లీ కలిసే వేగం సమానమవుతాయి, అంతే. ఇది మనసుకి పట్టకపోతే ఆ తర్వాత వచ్చే బఫర్లు (పిహెచ్‌ని పెద్దగా మారనివ్వని ద్రావణాలు) అస్సలు అర్థం కావు. పట్టేదాకా టీచర్‌ని అడుగుతూనే ఉండు.

లెక్కల్లో ప్రతి అంకె పక్కనా యూనిట్ రాయి. చర్య దానంతటదే జరుగుతుందో లేదో చెప్పే గిబ్స్ శక్తి లెక్కలో ఎంథాల్పీని (ఉష్ణానికి సంబంధించింది) కిలోజౌళ్లలో, ఎంట్రోపీని (క్రమరాహిత్యం కొలత) జౌళ్లలో ఇస్తారు. ఎంట్రోపీని 1000తో భాగించడం మర్చిపోతే మొత్తం జవాబే తారుమారవుతుంది.

ల్యాబ్ అంటే నాకు ప్రాణం, నీకూ నచ్చుతుంది. టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని ఇంకోదానిలోకి కొలిచి వదులుతూ గాఢత కనుక్కోవడం) మొదలుపెట్టే ముందు బ్యూరెట్ (గీతలున్న పొడవాటి గాజు గొట్టం) కొనలో గాలి బుడగ లేకుండా చూసుకో, పైనున్న గరాటు తీసెయ్యి. ద్రవం వంపు అడుగుభాగానికి సరిగ్గా కంటిని ఎదురుగా పెట్టి, గీతల మధ్య అంచనా వేసి రెండో దశాంశం వరకు రీడింగ్ తియ్యి. ఫ్లాస్క్ తిప్పినప్పుడు సూచిక (రంగు మారి చర్య పూర్తయిందని చూపే పదార్థం) ఇచ్చే గులాబీ రంగు వెంటనే పోకుండా తటపటాయిస్తోందంటే, అక్కణ్ణుంచి ఒక్కో చుక్కే వదలాలి. కనీకనిపించని లేత గులాబీ అరనిమిషం నిలిచిందా, ఆపెయ్యి. ముదురు రంగు వస్తే దాటిపోయినట్టే, మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. రీడింగులు చిత్తుకాగితం మీద కాకుండా నేరుగా రికార్డులో పెన్నుతో రాయి.

ఇంట్లో చదివేటప్పుడు, చేసి ఉన్న లెక్కని చూస్తూ పోతే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. జవాబు మూసేసి నువ్వే చెయ్యి. ఎక్కడ ఆగిపోయావో అక్కడ గుర్తు పెట్టుకుని, ఆదివారం ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మావయ్య